సీమబల్ల సొరుగు

గడి వసారా

ఆ ఉదయం గడి వసారాలో ఉన్నవాళ్లు: దొరవారి గుమాస్తా, తుపాకులతో ఇద్దరు జవాన్లు, వడ్ల వీరయ్య, నేను. మెట్ల కింద ఎండలో గొంతుక్కూర్చున్న ముసలాయన ఒకరు. ఉన్న వస్తువులు: ముళ్లు లేని గోడగడియారం ఒకటి, చేతులు విరిగిన కుర్చీలు మూడు, ముసలాయన ముందు ఇత్తడి గంగాళం ఒకటి, గోడ వారగా సీమబల్ల ఒకటి. బల్ల మీద కోడి. బల్లకు సొరుగు ఉండాల్సిన చోట ఖాళీ.

ఆ ఖాళీ వెంబడే నా ప్రయాణం సాగింది.

యూనియన్ పటాలాలు వచ్చిన మరుసటి ఎండాకాలం అది. వాళ్ల క్యాంపులు ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. గడి ఉన్న ఊరి పేరు చెప్పను. జనగామలో రైలు దిగి, లింగాల ఘనపూర్ దాటి, కచ్చురం బండిలో ఒక పూట ప్రయాణం. మనుషుల పేర్లు మార్చాను. కొలతలు మార్చలేదు.

మాది సికింద్రాబాద్ లష్కర్. బడిలో మూడేళ్లు వడ్రంగం, నక్షాలు గీయడం నేర్చుకుని దావీదు మేస్త్రి దుకాణంలో చేరాను. తెల్లవాళ్లు కంటోన్మెంటు ఖాళీ చేసి పోతున్న రోజుల్లో వాళ్ల సామాను వేలంలో కొని, బాగుచేసి అమ్మడం మా పని. ఆ సామానులో రెండు రకాలుండేవి. సింహం కాళ్లు, చెక్కిన పూలు, అద్దంలా మెరిసే రంగు ఉన్నవి ఒక రకం. కొనేవాళ్లు వచ్చీరాగానే వాటినే అడుగుతారు. మేస్త్రి ప్రాణం మాత్రం రెండో రకం మీద ఉండేది. సీమలో పల్లెటూరి వడ్రంగులు రైతుల వంటిళ్ల కోసం ఓక్ చెక్కతో చేసిన సాదా పక్కబల్లలు అవి. ఒక పై చెక్క, నాలుగు కాళ్లు, ఒక సొరుగు. అంతకుమించి ఏమీ ఉండదు.

వాటిలో ఏముందో నాకు మొదట అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం మేస్త్రి కళ్లు మూసుకుని తడమమన్నాడు. పై చెక్క నున్నగానే ఉంది గాని చదునుగా లేదు. చేత్తో చిత్రిక పట్టిన చెక్క కాబట్టి, గాలికి ఇసుక మీద పడే అలల్లాంటివి అరచేతికి తగిలాయి. ముందు అంచు మధ్యలో కొద్దిగా అరిగి ఉంది, అక్కడ ఎవరో ఏళ్ల తరబడి మోచెయ్యి ఆనించి ఉంటారు. సొరుగు మూలల్లో విసనకర్రల్లా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి కూరుకుని ఉన్నాయి. వేలితో కొలిస్తే ఏ రెండు పళ్లూ సమానంగా లేవు. ఆ వడ్రంగి కొలబద్ద వాడకుండా కంటితోనే కోశాడు. సొరుగు లాగితే తేనెమైనం వాసన వచ్చింది. ఆ వాసనలో నేనెన్నడూ చూడని ఊరొకటి, అక్కడ సన్నగా పడుతున్న వాన, ఒక వంటింటి కిటికీ కనిపించాయి. కళ్లు తెరిచేసరికి మళ్లీ లష్కర్ ఎండ.

అప్పటినుంచి నాకూ అదే పిచ్చి పట్టింది.

గడిలోని బల్లను మేస్త్రి చిన్నతనంలో చూశాడట. రైలు వంతెనలు కట్టించిన తెల్ల ఇంజినీరు ఒకాయన వెళ్లిపోతూ దొరవారికి ఇచ్చిపోయాడు. మేస్త్రి గడి తలుపులు బిగించడానికి వచ్చినప్పుడు దాని సొరుగు ఒక్కసారి తెరిచి మూశాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ సంగతి మరిచిపోలేదు. "అది సొరుగుతో సహా తెస్తే నీకు సొంతంగా పనిబల్ల ఇస్తాను" అన్నాడు నన్ను పంపిస్తూ. మా దుకాణంలో సొంత పనిబల్ల ఉన్నవాళ్లు ఇద్దరే.

గుమాస్తా బల్ల అమ్మడానికి ఒప్పుకున్నాడు. షరతు ఒకటి పెట్టాడు.

"సొరుగు ఏడ దొరికిందో, ఎవని దగ్గర దొరికిందో రాసుకరావాలె. గట్ల రాసుకొస్తెనే బల్ల కదులుతది."

నా పుస్తకం తీసుకుని నలభై ఎనిమిది పేజీలకూ తన చేత్తో అంకెలు వేసి, ప్రతి పేజీ మూలా గడి ముద్ర కొట్టాడు. "ఒక్క కాయిదం చినిగినా నాకు ఎరుకైతది" అన్నాడు. నాకది మంచి పద్ధతిగానే తోచింది. అక్కడే కూర్చుని కాలమ్‌లు గీశాను: వరుస సంఖ్య, వస్తువు, కొలత, స్థితి, ఎవరి దగ్గర. ఆ చివరి కాలమ్ నేను గీసిందే. చాలా తిన్నగా వచ్చింది.

దిగి వస్తుంటే ముసలాయన నీడ ఆయన కాళ్ల కిందికి వచ్చేసింది. గడి నుంచి పోయిన ఆ గంగాళం ఆయన పశువుల కొట్టంలో దొరికిందని, ఎవరు ఇచ్చారో చెప్పేదాకా అలా కూర్చోబెడతారని వీరయ్య మెల్లగా చెప్పాడు.

వీరయ్య ఇల్లు

వీరయ్య గడికి వెట్టి చేసిన వడ్రంగి. ఇప్పుడు నాగళ్లు చేస్తున్నాడు. తన ఇంటికి తీసుకుపోయి జొన్న గట్క, మామిడికాయ తొక్కు పెట్టాడు. మా లష్కర్‌లో అతిథికి కుర్చీ వేస్తారు. ఇక్కడ ఇంట్లో అందరికంటే ఎత్తైన వస్తువు నులకమంచం. మిగతావన్నీ గోడలో గూళ్లలోనో, దూలానికి వేలాడే ఉట్టి మీదనో ఉన్నాయి. ఇల్లంతా కలిపి వస్తువులు లెక్కపెట్టాను, పంతొమ్మిది వచ్చాయి.

"సీమల గా బల్ల మీద ఏం పెడ్తరు?" అన్నాడు వీరయ్య.

"దీపం, రొట్టె, చదివే పుస్తకం."

"దీపానికి గూడు లేదా?"

"గోడలో గూళ్లు పెట్టరట."

"రొట్టె కంచంల పెట్టుకోరా?"

"కంచం బల్ల మీద పెడతారు మామా."

తన గూట్లో దీపం వంక చూశాడు. "ఇండ్లు కట్టుడు రాక బల్లలు చేసిన్రన్నట్టు" అన్నాడు. అతని భార్య లోపల నవ్వింది.

గాని ఆ బల్ల సంగతి వచ్చేసరికి అతని గొంతు మారింది. ఎన్నోసార్లు దాన్ని తుడిచాడు, మైనం పూశాడు. "మా పనిల ఇంతింత సందు ఉంటది. గా బల్లల ఎంటిక దూరది. చేసినోడు మన అసొంటోడే బిడ్డా, వాని ఊళ్లె దొర ఉన్నడో లేడో" అన్నాడు. దొర మీద తిరగబడి జనం గడి తలుపులు తీసిన రోజు అందరూ వడ్లు తీసుకుంటుంటే, రోగులకు మందులిచ్చే సంఘం మనిషి మాత్రం సీసాలు పెట్టుకోవడానికి ఒక పెట్టె కావాలన్నాడట. సొరుగు అతనితోపాటు పోయింది.

"ఎవరు తీసిచ్చారు?"

వీరయ్య బాడిశ అంచు చూసుకున్నాడు. "విన్న మాట చెప్తున్న. నర్సింహులపేటల ఇమాం సాబని రేకు పని చేసేటాయన ఉన్నడు. ఆయన్నడుగు."

మానుకోట రైలు

రైల్లో నా సంచి తడి చేతికి తగిలింది. నల్లసిరా సీసా బిరడా ఊడి, సగం సిరా నా తెల్లచొక్కా తాగేసింది. పక్కన ముంజల గంప పెట్టుకున్న ఆమె చూసి, "పోనీతియ్యి కొడుకా, ఇగ మాసినా కనపడది" అంది. నిజాం హాలీ అణాకు ఆరు ముంజలు. లష్కర్‌లో నాలుగే ఇస్తారు. ఏడోది ఊరికే ఇచ్చింది, చొక్కా కోసమట.

కిటికీ బయట తాటిచెట్లు వరుసగా వెనక్కి పోతున్నాయి. వాటిని చూస్తూ ఓక్ చెట్టు ఎలా ఉంటుందో ఊహించుకోబోయాను. దాని చెక్క అడ్డకోత నాకు తెలుసు. వలయాలు, వాటిని అడ్డంగా చీల్చే తెల్ల చారలు కళ్లు మూసుకుని గీయగలను. ఆకు మాత్రం తెలియదు. ఎవరి ఇంటి లోపలి గదులన్నీ తెలిసి, ముఖద్వారం ఎన్నడూ చూడనట్టు అనిపించింది. రైలు ఊపుకి కునుకు పట్టింది. ఆ కునుకులో సీమలో ఒక మనిషి చిత్రిక పడుతున్నాడు. చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా అతని కాళ్ల మీద పడుతోంది. అతను తలెత్తితే వీరయ్య ముఖం.

మానుకోట స్టేషన్ బయట చాయ్ సాసర్లో పోసి ఇచ్చారు. కప్పు నాలుగు గుక్కలే గాని బెల్లం ఎక్కువ. నర్సింహులపేట బండి కోసం అక్కడే చింతగింజలాట ఆడుతున్న ఇద్దరు కూలీలతో ఒక పూట గడిచింది. నేను రెండు ఆటలు ఓడిపోయాను.

నర్సింహులపేట

ఇమాం సాబు కొట్టు ఒక చాప పరిచినంత. బొగ్గుల కుంపటి, టంకం వాసన, చిల్లుపడ్డ బిందెలతో వేచి ఉన్న ఆడవాళ్లు ఇద్దరు. సొరుగు మాట ఎత్తగానే ఆయన చెవుడు నటించాడు. బిందెల వాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి, నేను నా సంచి విప్పి పనిముట్లు ఆయన ముందు పరిచాను: మడత కొలబద్ద, మూలమట్టం, ఉలులు మూడు, చిన్న రంపం. ఒక్కో ఉలి అంచునూ బొటనవేలి గోరు మీద పెట్టి చూశాడు.

"చేతులు చూపి బేటా."

చూపించాను.

"కలం పట్టే చెయ్యి కాదు. మంచిది." అని కుంపటి ఎగదోశాడు. "పెట్టె తెస్తరనుకున్న, సొరుగు తెచ్చిన్రు. గంత మంచి చెక్కకు మేకు కొట్టబుద్ధి కాలే. నాలుగు మూలలకు రేకు మడిచిన, తోలుపట్టీ కట్టిన. ఒక్క మేకు చెక్కల దిగలే. లోపల సీసాలకు అరలు కట్టిన, గవి కూడ ఒరిపిడి మీద నిలవడుడే. తీస్తె ఊడొస్తయి."

ఎంత పని చేశాడో ఆయన చేతులు గాల్లో మడుస్తూ చూపిస్తుంటే నాకు నిజంగా ఆ సొరుగు కనిపించింది. తర్వాతి సంగతి కూడా ఆ ఊపులోనే చెప్పాడు. మందులిచ్చే మనిషి అడవిలో జ్వరంతో పోయాడు. సొరుగు ఆయనతో తిరిగిన మంత్రసాని యాకమ్మ దగ్గర మిగిలింది. ఇక్కడ ఇళ్లు కాలిపోయాక ఆమె భూపాలపల్లి దిక్కు, కలప కొట్టే కూపులో ఉన్న చెల్లె దగ్గరికి పోయింది.

వింటూ వింటూ నేను రాసుకుంటున్నాను. ఆయన ఆగాడు.

"ఏం రాసినవు? సదువు."

చదివాను. "సొరుగు ఒకటి. ఓక్ చెక్క. స్థితి తెలియదు. ఎవరి దగ్గర: యాకమ్మ, మంత్రసాని, భూపాలపల్లి కూపు."

టంకం కడ్డీని నీళ్లలో ముంచాడు. సుయ్‌మంది.

"గీ బుక్కు ఎవరు సూస్తరు?"

"గడి గుమాస్తా."

"గడిల ఎండకు ఎవరన్న కూసున్నరా?"

"ఒక ముసలాయన, చాచా. ఇత్తడి గంగాళం దొరికిందని."

"గంగాళానికే గట్లయితే, సంఘపోళ్ల మందుల పెట్టెకు ఎట్లుంటది?"

నేను పుస్తకం వంక చూశాను. పదిహేడో పేజీ. మూలన ముద్ర. అక్షరాలు పొందికగా ఉన్నాయి, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. బడిలో మాకు నేర్పింది అదే: ఏ కాలమూ ఖాళీ వదలొద్దు, చూసినవాడికి సందేహం రాకూడదు.

"నాది మోటు పని, తప్పయితే మల్ల కరగవెడ్త" అన్నాడు ఇమాం సాబు. "నీది సాఫ్ పని. గదే పరేషాన్."

చాయ్ తెప్పించాడు. పైసలు తీసుకోలేదు. నేను లేచేటప్పుడు, "పోతవా ఆడికి?" అన్నాడు. పోతానన్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు. పనిబల్ల మీద ఆశ చావలేదు. ఆ సొరుగును ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని కూడా ఉంది. పేరు సంగతి ఆలోచించడానికి దారిలో రెండు రోజులు దొరుకుతాయనుకున్నాను.

భూపాలపల్లి దారి

వరంగల్ దాటాక బస్సును మూడు చోట్ల ఆపారు. ప్రతి చోటా జవాను నా పుస్తకం తిరగేశాడు. వాళ్లకు తెలుగు రాదు. మూలన గడి ముద్ర చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చారు. అదే బస్సులో నా పక్కనున్న రైతును మాత్రం దించి, మూట విప్పించి, చెప్పులు కూడా విప్పించారు. మళ్లీ ఎక్కాక అతను నాకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

తర్వాత అడవి మొదలైంది. మహదేవపూర్ పోయే బాటకు రెండు వైపులా టేకు. ఆకు రాలిపోయి, ఎండ కిందిదాకా దిగుతోంది. ఇప్పపూల వాసన గాలిలో కల్లులాగా తేలుతోంది. బస్సులో సగం మంది నిద్రపోయారు. నిద్రపోని వాళ్లు కూడా మాట్లాడలేదు. మా దుకాణానికి వచ్చే టేకు పలకలు ఇక్కడివేనని తెలుసు గాని, నిలబడి ఉన్న టేకును ఇంతగా నేనెన్నడూ చూడలేదు. ఒక చెట్టును చూసి ఇందులో ఆరు బల్లలున్నాయనుకున్నాను. ఇంకొక దాంట్లో నాలుగే. అలా లెక్కపెడుతూ లెక్కపెడుతూ, అడవంతా బల్లలే కాళ్ల మీద నిలబడి, ఎవరైనా వచ్చి దీపం పెడతారని చూస్తున్నట్టు అనిపించింది. దిగాల్సిన చోటు దాటిపోయాను. అరకోసు వెనక్కి నడిచాను.

కూపు

పద్నాలుగు గుడిసెలు, రెండు ఎడ్లబండ్లు, కోసి పడేసిన దుంగలు. తునికిపండ్లు ఏరుకొచ్చిన ఒకామె నాకు దోసెడు పెట్టి, యాకమ్మ గుడిసె చూపించింది.

యాకమ్మకు యాభై దాటి ఉంటాయి. ముంజేతుల నిండా పచ్చబొట్లు. రోట్లో ఏదో ఆకు నూరుతోంది. నా కొలబద్ద చూసి, "కూపు గుమాస్తవా?" అంది.

"కాదవ్వా. బల్లలు బాగుచేస్త."

"ఈడ బల్లలేడున్నయి? అందరం నేల మీదనే."

"సొరుగున్నదని విన్న."

రోకలి ఆగింది. ఆమె నా ముఖం, చొక్కా మీది సిరా మరక, పుస్తకం, వరుసగా మూడూ చూసింది. జవాబు చెప్పేలోపు పక్క గుడిసెలోంచి ఎవరో పిలిచారు. "ఆడ నొప్పులు పడుతుంది. గా చెట్టు కింద కూసో. ఏం ముట్టకు" అని వెళ్లిపోయింది.

ఇప్పచెట్టు కింద కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా సాగిందో చెప్పలేను. పూలు ఒక్కొక్కటీ టప్ టప్‌మని రాలుతున్నాయి. మొదట లెక్కపెట్టాను, నూట పన్నెండు దగ్గర తప్పిపోయాను. లోపలి నుంచి ఆడవాళ్ల మాటలు, మూలుగు, ఒకసారి యాకమ్మ తిట్టు, ఒకసారి నవ్వు వినిపించాయి. తండ్రి కాబోయేవాడు నా పక్కనే కూర్చుని టేకు బెరడు ఒలుస్తూ, ఒలిచిన బెరడునే మళ్లీ ఒలుస్తున్నాడు. పొద్దు రెండు బారలు వాలాక పసిగుడ్డు ఏడుపు వినిపించింది. అతను బెరడు కింద పెట్టాడు.

కొంతసేపటికి యాకమ్మ బయటికి వచ్చింది. "ఓ బల్లలాయనా, ఉలి ఉన్నదా? ఇటు రా."

ఆమె చేతుల్లో నేను వెతుక్కుంటూ వచ్చిన సొరుగు ఉంది. పిడి స్థానంలో తోలుపట్టీ. మూలలకు ఇమాం సాబు రేకు. చెక్క తేనె రంగు దాటి, కాచిన బెల్లంలా అయింది. లోపల పాత చీర ముక్క మీద, గుప్పెడు బియ్యం పక్కన, ఎర్రగా ముడుచుకుని ఒక పాప.

పుట్టిన బిడ్డను చేటలో పండబెట్టడం మా వైపూ ఉంది. లష్కర్‌లో మా అక్క పిల్లల్ని అలాగే పండబెట్టారు. సొరుగులో పెట్టడం నేనెక్కడా వినలేదు.

"అడివిల ఉరుకుతున్నప్పుడు చేటేడిది?" అంది యాకమ్మ. "మందులాయన పోయిండు, సీసాలు ఒడిసినయి. ఒక పిల్ల చెట్టు కింద కన్నది. అరలు ఊడపీకి పసిగుడ్డును దీంట్ల పండవెట్టిన. వాడు బతికిండు. ఇగ గప్పటిసంది అందరు గిదే కావాలంటరు. గీ చెక్క సల్లగుండదు బిడ్డా, జర ఎచ్చగుంటది."

ఎంత ఆపుకున్నా కొలబద్ద తీశాను. సొరుగు పొడవు ఇరవై రెండు అంగుళాలు, వెడల్పు పదిహేను, లోతు నాలుగుంబావు. పాప పంతొమ్మిదిన్నర.

"అంగీ కుడ్తవా ఏంది?" అంది లోపలి నుంచి యాకమ్మ చెల్లె. ఆడవాళ్లంతా నవ్వారు. తండ్రి కూడా నవ్వాడు, అప్పటికి మొదటిసారి.

సొరుగు ఎడమ పక్కన, బయటి వైపు, కత్తితో పెట్టిన నిలువు గీతలున్నాయి. బిడ్డకు ఒక్కటి. వాటిలో నాలుగింటిని, ఒక్కోదాన్ని విడిగా, అడ్డగీతతో కొట్టేసి ఉంది. ఆ నలుగురు ఏమయ్యారని అడగలేదు.

"నా కత్తి మొద్దువోయింది. నువ్వే పెట్టు" అంది.

నా దగ్గరున్న వాటిలో సన్నటి ఉలి తీశాను. ఓక్ చెక్కను కోస్తే అంచు నిటారుగా నిలుస్తుంది, పెచ్చు లేవదు. ఆ చెక్క నా చేతికి తెలుసు. పాప కదలకుండా యాకమ్మ సొరుగును ఒళ్లో పట్టుకుంది. ముందున్న గీతకు సమంగా, అంతే ఎత్తున, ఒక్క కోతలో పెట్టాను. నా పనిలో అంత నెమ్మదిగా ఏదీ చేయలేదు.

అప్పుడు చెప్పాను, ఆ సొరుగు కోసమే వచ్చానని. అది లేకపోతే బల్ల విలువ సగమేనని, గుమాస్తా షరతు, పనిబల్ల సంగతి కూడా చెప్పాను.

"మూడొద్దులు పిల్ల పండాలె" అంది యాకమ్మ. "గటెంక నేను అడ్డం పడ. సామాను గడిదే, నాది గాదు. కాని ఈ కూపుల ఇంకో నలుగురు కడుపుతోటి ఉన్నరు." నా పుస్తకం వంక చూసి అడిగింది: "నీ బుక్కుల నా పేరున్నదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. పదిహేడో పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఏది నా పేరు?"

వేలు పెట్టి చూపించాను. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, అక్షరాల మీద చూపుడువేలు ఆనించింది. మూడే అక్షరాలు. ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు జరిపింది.

"గింతేనా?"

"అంతే అవ్వా."

"మంచిగున్నది." వేలు తీసింది. "ఇగ కప్పెయ్యి."

పేజీ చింపడానికి లేదు. కొట్టేస్తే ఏదో దాచానని తెలిసిపోతుంది. సంచిలో మిగిలిన సగం సిరా తీశాను. ఆ వరుస మీదుగా ఓక్ చెక్క అడ్డకోత గీశాను. వలయాలు, వాటిని చీల్చే చారలు, మధ్యలో ముదురు గుండె. ఆ గుండె సరిగ్గా ఆమె పేరు మీద పడేలా చూసుకుని, దాన్ని నల్లగా నింపాను. పక్కన "ఓక్ అడ్డకోత, నమూనా" అని రాశాను. బడిలో కూడా అంత బాగా గీయలేదు. సీసాలో చుక్క మిగల్లేదు.

సొరుగును అక్కడే వదిలి బయలుదేరేటప్పుడు పాప తండ్రి ఒక టేకు పలక తెచ్చి నా బుజాన పెట్టాడు. "గీత పెట్టినోనికి ఉత్త చేతులు పంపరాదు" అన్నాడు. మూడడుగుల పలక, ముడి ఒక్కటి కూడా లేదు.

మళ్లీ గడి

మెట్ల కింద ముసలాయన లేడు. గంగాళం వసారాలోకి వచ్చింది. ఆయన ఏడని అడిగితే, "వరంగల్ పంపిన్రు" అన్నాడు గుమాస్తా, పేజీలు లెక్కపెడుతూ. నలభై ఎనిమిదీ ఉన్నాయి. పదిహేడు దగ్గర ఆగాడు.

"గిదేంది?"

"ఓక్ చెక్క అడ్డకోత, అయ్యా. బల్ల సీమదేనని కొనేవాళ్లకు రుజువు చూపాలి."

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఎండ ఆ నల్లటి గుండె దాటి ఇవతలికి రాలేదు.

"సొరుగేమైంది?"

"చెదలు తిన్నాయి. మానుకోట దిక్కు ఒక పాడుబడ్డ గోడ కింద, పొడి మిగిలింది."

"సీమ చెక్కకు చెదలు పట్టయంటరు గద?"

"మన చెదలు పట్టినయి అయ్యా."

అతను ఆ బొమ్మ కింద కొత్త వరుసలో సొరుగు పేరు రాశాడు. తర్వాత చివరి కాలమ్‌లో తనే "ఎవరూ లేరు" అని రాసి, సొరుగు లేని బల్లకు ధర సగం చేశాడు. వీరయ్య బల్లను గోనెలో చుట్టి బండి ఎక్కించాడు. తాడు ముడి వేస్తూ, నాకు మాత్రమే వినిపించేలా, "చెదలకు సీమ బాస గూడ నేర్పినవు" అన్నాడు.

లష్కర్

మేస్త్రి ఖాళీ చోటులో చెయ్యి పెట్టి చూశాడు. పనిబల్ల ఇవ్వలేదు, మాట మాటే. దుకాణం మూశాక చాటుగా కాకుండా, నాలుగు రోజులు పనివేళల్లోనే, ఆయన కళ్లముందే ఆ టేకు పలకతో కొత్త సొరుగు చేశాను. మూలల్లో పళ్లు కోయడానికి కొలబద్ద తీసి, మళ్లీ సంచిలో పెట్టేశాను. కంటితోనే కోశాను. ఏ రెండూ సమానంగా రాలేదు. మైనం పూసి తోస్తే చివరి అంగుళం దగ్గర కొంచెం పట్టింది. తప్పయితే మళ్లీ కరగబెడతానన్న ఇమాం సాబు గుర్తొచ్చి కొంచెం నవ్వాను, మళ్లీ చిత్రిక పట్టాను.

మేస్త్రి వచ్చి ఒకసారి తెరిచి మూశాడు. "పాతదాన్ని చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగా వాడుకుంటున్నారు."

ఆయన తన పని దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ బల్లను అమ్మకానికి పెట్టలేదు. దుకాణంలో నేను పని చేసే మూలన ఉంది, దాని మీద నా దీపం, నా చాయ్ కప్పు పెట్టుకుంటాను. ఎవరైనా అడిగితే పై చెక్క సీమది, సొరుగు భూపాలపల్లిది అని చెబుతాను.

ఈ ప్రయాణం తాలూకు లెక్క: తిరిగిన రోజులు పదకొండు. తెచ్చిన బల్ల ఒకటి. చేసిన సొరుగు ఒకటి. పాత సొరుగు మీద, నేను పెట్టిన దానితో కలిపి, గీతలు ముప్పై రెండు.